ఆకలికి కొలత

పోయినవారం మనం ఒక చప్పుడు దగ్గర ఆగాం. లాయంలో ఏదో బరువైనది నేలకూలిన చప్పుడు. చేతిలో సుత్తి అక్కడే పారేసి లాడాలక్క పరుగెత్తింది.

ఆ చప్పుడు విననివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గుర్రాలకి లాడాలు కొట్టే పని తండ్రి దగ్గర నేర్చుకుని, ఆయన పోయాక ఆ కొలిమినీ దాని వెనకున్న లాయాన్నీ ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి లాడాలక్క. ఆమె తమ్ముడు రాళ్ళ క్వారీ చుట్టూ గుర్రం మీద కాపలా తిరిగేవాడు. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ ఒక సంగతి చూశాను. ఫోన్లో చెప్పేది కాదు. రేపొస్తాను" అన్నాడు. ఆ రేపు దాటి నలభై ఒక్క రోజులైంది. తమ్ముడు రాలేదు. నాలుగు రోజుల క్రితం అతని గుర్రం మాత్రం దొరికింది. మూతపడ్డ సున్నపు బట్టీలో, బయట తాళం వేసిన గదిలో. కప్పు కన్నంలోంచి కారిన వాననీళ్ళు తాగి, గోడ పగుళ్ళలో మొలిచిన గడ్డి పీక్కుని ఎలా బతికిందో దానికే తెలియాలి. నల్లగా నిగనిగలాడే గుర్రం కాబట్టి తమ్ముడు దాన్ని మసిగాడు అని పిలిచేవాడు. తమ్ముడి ఆచూకీ తెలిసిన ప్రాణి ఈ లోకంలో ఏదైనా ఉంటే అది మసిగాడే.

ఆ మసిగాడు ఇప్పుడు లాయం నేలమీద పక్కకి ఒరిగి పడి ఉన్నాడు.

ఒంటిమీది దుప్పటి జారిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. తుంటి ఎముకల మీద తువ్వాలు ఆరేసుకోవచ్చు. అది నాలుగు రోజులుగా చూస్తున్నదే. కొత్తది వణుకు. తొడ మీద మిగిలిన కాస్త కండా చలిజ్వరం వచ్చినట్టు సన్నగా అదురుతోంది. మెడ మీద చెమట.

మామయ్య గుర్రం తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లాడాలక్కకి మేనమామ. యాభై ఏళ్ళు ఊరూరి లాయాల్లో గుర్రాలు చూసుకునే సైసుగా పనిచేసి, చివరికి మేనకోడలి పంచన చేరాడు.

"ఏమైంది మామయ్యా?"

"నిలబడే ఉన్నాడే! కాళ్ళు వణికాయి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పట్టుకుందామంటే నా వల్ల అయ్యిందా?"

"నీళ్ళు తాగాడా?"

"తాగాడు. అయిదింటి గడ్డికట్ట తిన్నాడు. బాగానే ఉన్నాడే..."

లాడాలక్క గేటు వైపు చూసింది. మొన్న గేటు దగ్గర క్వారీ జీపు ఆగింది. అందులోంచి ఒకడు తల బయటపెట్టి, "గుర్రం బతుకుతుందా అక్కా?" అని అడిగాడు. పరామర్శ మాటలే. పళ్ళు మాత్రం నవ్వాయి.

విషం. ఆ మాట ఆమె పైకి అనలేదు. ఫోన్ తీసి ముందు డాక్టర్ని పిలిచింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ నంబరు వెతుకుతూ ఉండగానే డాక్టరు స్కూటరు గేటు దాటింది. పక్క వీధే కాబట్టి బతికిపోయారు.

ఆయనకి గుప్పెడు డాక్టరని పేరు. ఏ పశువుకి ఏం పెట్టమంటారని అడిగినా "గుప్పెడే, గుప్పెడే" అంటాడు. మసిగాడు వచ్చిన మొదటిరోజే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. లాయం గుమ్మం మీద వరసగా ఆరు మేకులు. మేకుకో లూసర్న్ గడ్డి కట్ట. కట్ట అర కిలో, తూచి, దారంతో కట్టింది. కింద సుద్దముక్కతో టైము. నాలుగు గంటలకో కట్ట, రాత్రీ పగలూ. పది రోజుల దాకా దాణా గింజ ముట్టించకూడదు. "ఆకలి చావు నుంచి లాక్కొచ్చాం. తిండి చావుకి అప్పగించకండి" అని గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు.

ఇప్పుడాయన మసిగాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక చెవిగొట్టం పెట్టి గడియారం చూశాడు. చిగుళ్ళు నొక్కి చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు.

"విషమా డాక్టరుగారూ?" అంది లాడాలక్క. 

డాక్టరు ఇంకా దగ్గరికి వంగాడు. మసిగాడి కింది పెదవి లోపల వేలు తిప్పి బయటికి తీశాడు. వాసన చూశాడు. బొటనవేలితో రుద్దాడు. వేళ్ళు అతుక్కున్నాయి.

"కాదు. తీపి."

"తీపా?"

"చక్కెర పాకం. ఇదిగో, ఓట్స్ పొట్టు." వేలి కొన మీద తెల్లటి పొలుసు ఒకటి అంటుకుని ఉంది. "ఎవరో దీనికి దాణా పెట్టారు. ముద్దుగా, తియ్యగా, నానబెట్టి పెట్టారు."

లాడాలక్కకి ఊపిరి ఆడింది. మరుక్షణమే డాక్టరు మొహం చూసి మళ్ళీ ఆగింది.

"దాణాకి గుర్రం చస్తుందా ఎక్కడైనా?"

"బలిసిన గుర్రం చావదు. మాడిన గుర్రం చస్తుంది. ఇన్నాళ్ళూ దీని ఒళ్ళు తన కండనే తిని బతికింది. ఉప్పులూ ఖనిజాలూ అన్నీ అడుగంటాయి. ఇప్పుడు ఉన్నట్టుండి ఇంత తీపి రక్తంలో పడితే, మిగిలిన ఆ కాసిని ఖనిజాలూ ఆ తీపిని మోయడానికే లోపలికి పోతాయి. గుండెకి కొట్టుకోవడానికి ఏమీ మిగలదు. నిమిషానికి తొంభై కొడుతోంది, చూడు. ఇందులో సగం కూడా కొట్టకూడదు."

ఆయన సంచిలోంచి పొడుగాటి రబ్బరు గొట్టం ఒకటి తీశాడు. చూపుడు వేలంత లావు. చుట్టలు చుట్టి ఉంది.

"ఇప్పుడు నాకు మూడు సంగతులు కావాలి. ఏం పెట్టారు, ఎంత పెట్టారు, ఎప్పుడు పెట్టారు. ఎక్కువ పెట్టి ఉంటే, ఇందాకే పెట్టి ఉంటే, ముక్కులోంచి ఈ గొట్టం వేసి కడుపులోది బయటికి తోడాలి. అలా తోడడమే ఇంత నీరసపు ప్రాణానికి గండం. మధ్యలో గుండె ఆగినా ఆగుతుంది. తక్కువే పెట్టి ఉంటే దీన్ని ముట్టుకోకూడదు, సెలైన్ పెట్టి కూర్చోవాలి. తోడాల్సింది తోడకపోతే పోతుంది. తోడక్కర్లేనిది తోడితే పోతుంది. తొందరగా చెప్పండి."

లాయంలో ఉన్నది నలుగురు. డాక్టరు, లాడాలక్క, మామయ్య. నాలుగో మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. లాడాలక్క మరదలు. తమ్ముడి భార్య. నాలుగు వీధుల అవతల బ్రెడ్డు బేకరీలో పని. తెల్లవారుజామునే పిండి కలిపి, కొలిమి అంత వేడి పొయ్యి దగ్గర నిలబడి, ఆరుగంటలకి ఇంటికొస్తుంది. మొగుడు కనబడకుండా పోయినప్పట్నుంచీ వదిన ఇంట్లోనే ఉంటోంది. చేతులకి ఇంకా పిండి అంటుకునే ఉంది.

మామయ్య ఒకసారి గుమ్మం వైపు చూసి తల దించుకున్నాడు.

"నేనే" అన్నాడు మామయ్య.

లాడాలక్క తల తిప్పింది. "నువ్వా?"

"నేనేనే. అది అలా చూస్తుంటే మనసాగలేదు. రెండు గుప్పిళ్ళు. అంతే. రెండంటే రెండు."

"మామయ్యా! యాభై ఏళ్ళు గుర్రాల పని చేశావు. డాక్టరు మొత్తుకున్నది నీ చెవిన పడలేదా? మన ఇంటి దీపం ఎక్కడుందో తెలిసిన ప్రాణిని నీ చేతుల్తో నువ్వే..."

"తిట్టవే. తిట్టు. పడతాను." ఆయన తల ఎత్తలేదు.

డాక్టరు ఒక నిట్టూర్పు విడిచాడు. "రెండు గుప్పిళ్ళేనా? అమ్మయ్య. అయితే గొట్టం వద్దు." చుట్ట విప్పిన గొట్టాన్ని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. "సెలైన్ పెడదాం. ఆ దూలానికి ఒక మేకు కొట్టమ్మా."

లాడాలక్క మేకు కోసం జేబులు తడుముకుంది. గొట్టం మూడు చుట్టలు పడింది. నాలుగోది పడుతోంది.

"ఆగండి."

గుమ్మంలోంచి వచ్చిందా మాట. సన్నగా వచ్చింది.

"మామయ్యగారు కాదు. నేను పెట్టాను."

"నువ్వు ఊరుకో తల్లీ" అన్నాడు మామయ్య గట్టిగా. "చెప్పాగా, రెండు గుప్పిళ్ళు..."

"మీకు తెలీదు మామయ్యగారూ. మీరు నన్ను బకెట్టుతో చూశారు, అంతే. బకెట్టులో ఎంతుందో చూడలేదు." ఆమె లోపలికొచ్చింది. మొహం పిండిలా తెల్లబోయి ఉంది. మాట మాత్రం ఎక్కడా తొణకలేదు. బేకరీలో పిండి లెక్క ఒప్పజెప్పేటప్పుడు మాట్లాడే గొంతు అది. "ఓట్స్ పదిహేడు వందల గ్రాములు. చక్కెర పాకం నాలుగు వందలు. గోరువెచ్చని నీళ్ళు రెండున్నర లీటర్లు. బేకరీలోనే గంటసేపు నానబెట్టాను. ఆరూ పదికి పెట్టాను. ఆరూ ఇరవైకల్లా బకెట్టు నాకేసింది. అడుగున ఒక చెంచాడు మిగిలుంటుంది."

డాక్టరు చేతిలో గొట్టం ఆగిపోయింది. గడియారం చూశాడు. ఏడూ అయిదు.

"ఇదే మొదటిసారా?"

మరదలు కళ్ళు దించింది. "నిన్న పొద్దున్న కూడా. అందులో సగం. ఎనిమిది వందల యాభై. పాకం రెండు వందలు."

 మసిగాడి ముక్కులోంచి వచ్చే గాలి కొలిమి తిత్తిలా చప్పుడు చేస్తోంది.

లాడాలక్క అడుగు ముందుకేసింది. ఇనుము వంచే చేతులు అవి. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. "నీకు చెప్పలేదా? ఆ గుమ్మం మీది కట్టలు నీ కళ్ళకి కనబడలేదా? గింజ ముట్టించొద్దని నీ మొహం మీద చెప్పాను కదా! వాడు నీ ఒక్కదాని మనిషా? నాకు తమ్ముడు కాడా?"

"ఆరు కట్టలు వదినా!" మరదలు గొంతు అప్పుడు పగిలింది. "పిచ్చుకకి పెట్టినట్టు ఆరు కట్టలు! అది తినేసి, మేకుల వైపు మెడ చాచి చూస్తుంది. రోజూ వెయ్యి రొట్టెలు కాల్చే చేతులు నావి. నా ఎదురుగా ఒకటి ఆకలితో అలా చూస్తుంటే... ఇది తొందరగా లేస్తే, ఇది నడిస్తే, ఆయన్ని ఎక్కడ వదిలొచ్చిందో అక్కడికి తీసుకెళ్తుందనుకున్నాను. మీరేమో పది రోజులంటారు, నెలంటారు. అక్కడ ఆయన పది రోజులు ఆగగలడో లేదో!"

 లాడాలక్క పిడికిళ్ళు అలాగే ఉన్నాయి, విసరడానికి మాత్రం చోటు లేదు.

"అమ్మా, ఇద్దరూ తర్వాత తిట్టుకోండి" అన్నాడు డాక్టరు. గొట్టం చుట్టలన్నీ ఒక్క విదిలింపుతో విప్పేశాడు. "లాడాలమ్మా, నువ్వు తల పట్టు. మామయ్యా, బకెట్టుతో గోరువెచ్చని నీళ్ళు. ఇంకో ఖాళీ బకెట్టు. నువ్వమ్మా, బేకరీ అమ్మాయీ, ఇలా నా పక్కకి రా. నువ్వే కావాలి నాకు."

తర్వాతి ఇరవై నిమిషాలు లాడాలక్కకి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి.

నలుగురూ కలిసి మసిగాణ్ణి పక్క మీంచి ఎత్తి, రొమ్ము మీద కూర్చోబెట్టారు. రెండు వైపులా గడ్డిమోపులు ఆనించారు. గొట్టం ముక్కులోంచి అంగుళం అంగుళంగా లోపలికి దిగింది. మసిగాడు ఒక్కసారి తల విదిలించాడు. అంతకన్నా ఓపిక లేదు వాడికి. "మింగరా నాన్నా, మింగు" అని ఆమె చెవిలో గొణిగింది. గొంతు కదిలింది. డాక్టరు గొట్టం కొస దగ్గర వాసన చూసి తలాడించాడు. లీటరు నీళ్ళు పోశాడు. కొస కిందికి వంచాడు. ఏమీ రాలేదు. ఇంకో లీటరు. మళ్ళీ వంచాడు. నీళ్ళు, ఆ వెనకే తెల్లటి జావ, జావలో ఉబ్బిన ఓట్స్, ఖాళీ బకెట్టులోకి బుళుక్ బుళుక్‌మని దిగాయి.

మరదలు తలగుడ్డ విప్పి బకెట్టు మీద పరిచింది. జావ దాంట్లో వడకట్టి, గుడ్డ పిండి, ముద్దని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. తక్కెడ అక్కర్లేని చేయి అది. పిండిముద్దని చేతిలోకి తీసుకుంటే పది గ్రాముల తేడా కనిపెట్టే చేయి.

"నానినవి రెండింతలకి పైనే తూగుతాయి. దీంట్లో అసలువి మూడొందలు" అంది.

ఇంకో వాయి. "ఇంకో మూడొందల యాభై."

ఇంకో వాయి. "రెండొందలు. పాకం వాసన తగ్గింది డాక్టరుగారూ."

నాలుగో వాయిలో గుండె తడబడింది. డాక్టరు చెవిగొట్టం పెట్టి కళ్ళు మూసుకున్నాడు.  "చాలు" అన్నాడు. గొట్టం నెమ్మదిగా లాగేశాడు. "మొత్తం ఎంత బయటపడింది?"

"ఎనిమిదొందల యాభై. సగం. సగం ఇంకా లోపలే ఉంది."

"సగం కిందికి దిగిపోయింది. సగానికి నా దగ్గర మందుంది." ఆయన మెడ నరంలో సూది పెట్టాడు. దూలానికి సీసా వేలాడింది. దాంట్లోకి రెండు చిన్న సీసాల మందు, గడియారం చూసుకుంటూ, చుక్కచుక్కగా ఎక్కించాడు. ఎంత ఎక్కించాలో ఆలోచించడానికి ఆయన ఆగలేదు. లోపల ఎంతుందో ఆయనకి తెలుసు.

తర్వాత ఎదురుచూడ్డం తప్ప పనిలేదు.

దాణా దెబ్బ గిట్టల్లోకి దిగకుండా మామయ్య గుర్రం కాళ్ళకి గోనెగుడ్డలు తడిపి చుడుతున్నాడు. డాక్టరు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నుదురు తుడుచుకున్నాడు. మరదలు గోడవార నిలబడి ఉంది, తనని ఎవరైనా బయటికి పొమ్మంటారని ఎదురుచూస్తున్నట్టు.

"లాడాలమ్మా" అన్నాడు డాక్టరు. "నువ్వా అమ్మాయి మీద కోపంగా ఉన్నావు."

"ఉండనా మరి?"

"ఉండు. నీ ఇష్టం. నా సంగతి చెప్తాను విను. ఈ ముప్పై ఏళ్ళలో ఇలా ఆకలి తీరకముందే దాణా తిన్న గుర్రాల్ని పదకొండింటిని చూశాను. తొమ్మిది పోయాయి. పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ప్రేమగా పెట్టినవాళ్ళే అందరూ. కానీ ఒక్కరూ నోరు విప్పలేదు. 'ఏమో డాక్టరుగారూ, ఏమీ పెట్టలేదే' అన్నారు. లేకపోతే మీ మామయ్యలాగా ఎవరో మంచివాడు అడ్డంపడి రెండు గుప్పిళ్ళన్నాడు. నేను చీకట్లో మందు వేశాను. నాకివాళ దొరికింది చూశావా, గ్రాములతో సహా నిజం? ఇది నాకు ఇంతకుముందు ఎప్పుడూ దొరకలేదు."

మామయ్య తడిగుడ్డ పిండుతూ గొణిగాడు. "నేనేదో సాయం చేద్దామనుకున్నాను."

"నీ సాయానికి ఇంకో నిమిషం ఆలస్యమైతే గుర్రానికి దండ వేసేవాళ్ళం మామయ్యా" అన్నాడు డాక్టరు.

"ఇక జన్మలో ఎవరి నేరం నెత్తినేసుకోను. నా నేరాలే మొయ్యలేకపోతున్నాను."

లాడాలక్కకి నవ్వొచ్చింది.  ఆమె లేచి గోడ దగ్గరికి నడిచింది. మరదలు వెనక్కి జరగబోయింది, వెనక గోడ.

"నేను కొడతాననుకున్నావు కదూ, నువ్వు నోరు విప్పినప్పుడు?"

"అనుకున్నాను."

"అయినా చెప్పావు."

"ఆ గొట్టం చుట్టేస్తున్నారు వదినా. నాలుగో చుట్ట పడితే ఇంక చెప్పే ధైర్యం రాదనిపించింది."

లాడాలక్క ఆ పిండి చేతులు రెండూ తన మసిచేతుల్లోకి తీసుకుంది. ఏడాదిన్నర క్రితం తమ్ముడు ఈ పిల్లని గుమ్మంలోకి తెచ్చినప్పుడు, ఇంత నెమ్మదస్తురాలు మన ఇంట్లో ఏం నెగ్గుకొస్తుందిలే అనుకున్న మనిషి తను. "నలభై ఒక్క రోజులుగా దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను, ఎవరికైనా మంచి బుద్ధి పుట్టి నిజం చెప్పాలని" అంది. "చెప్పింది నువ్వు. నీకు దణ్ణం పెట్టాలే నేను."

"వద్దు వదినా. చంపేసేదాన్ని."

"బతికించావు కూడా నువ్వే. రెండూ నీ ఖాతాలోనే ఉండనీ."

పదకొండు గంటలకి మసిగాడు తల ఎత్తాడు. వణుకు తగ్గింది. డాక్టరు గుండె లెక్కపెట్టాడు. అరవై. చెవులు ముందుకి తిరిగాయి, మొదట కుడిది, తర్వాత ఎడమది. తర్వాత మెడ చాచాడు. ఎటు చాచాడో చెప్పక్కర్లేదు. గుమ్మం మీది మేకుల వైపు.

"చూడు సిగ్గులేని వెధవ" అన్నాడు మామయ్య. 

"సగం కట్ట" అన్నాడు డాక్టరు. "పావు కిలో. నీళ్ళలో తడిపి. ఇక నుంచి తూకం ఈ అమ్మాయి చేతిలో. నాకు ఇంతకన్నా నమ్మకమైన తక్కెడ ఎక్కడా లేదు. ఏమ్మా, చేస్తావా?"

మరదలు తలూపింది.  కట్ట విప్పి, ఒక్క పరక ఎక్కువ తక్కువ లేకుండా రెండు చేసింది. సగం నీళ్ళలో ముంచి, మసిగాడి మూతి కింద పట్టుకుంది. వాడు తింటుంటే ఆ చప్పుడు వింటూ నలుగురూ కూర్చుండిపోయారు. పరక నలుగుతున్న చప్పుడు అంత తియ్యగా ఉంటుందని లాడాలక్కకి అంతకుముందు తెలియదు.

పన్నెండింటికి కొలిమిలోని చైన్ కప్పీ తెచ్చి దూలానికి కట్టారు. మసిగాడి పొట్ట కింద రెండు మడతల టార్పాలిన్ దూర్చారు. మామయ్య గొలుసు లాగాడు. లాడాలక్క భుజం తుంటికి ఆనించింది. ముందు కాళ్ళు చాచాడు. వెనక కాళ్ళు జారాయి, మళ్ళీ పట్టు దొరికింది. ఒక్క ఊపు. మసిగాడు నిలబడ్డాడు. నాలుగు కాళ్ళ మీద, ఊగుతూ, ముక్కులోంచి పెద్ద గాలి వదిలి, నిలబడ్డాడు.

లాడాలక్క ఆ ఎముకల మెడని కావలించుకుని కన్నీళ్ళు ఆపుకోలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు.

సరిగ్గా అప్పుడు ఆమె జేబులో ఫోన్ మోగింది.

రెండు చేతులూ గుర్రానికి ఆనించి ఉంది ఆమె. "నువ్వు తియ్యవే" అంది మరదలితో. మరదలు ఫోన్ లాగి, స్పీకరు పెట్టింది.

"హలో? గుర్రం బొమ్మ కింద ఈ నంబరుందమ్మా, నిన్నటి పేపర్లో." ఎవరో పెద్దావిడ. వెనక గిన్నెల చప్పుడు, లారీ హారన్లు. "నేను కొండ దిగువ హైవే మీద హోటలు నడుపుతాను. పొద్దున్న మా పెరట్లో ఒకతను పడున్నాడు. మనిషి కాదు తల్లీ, ఎముకల గూడు. పొట్లం కట్టిన పేపరు ముక్కలో మీ గుర్రం బొమ్మ చూసి ఒకటే ఏడుపు. మసిగాడు, మసిగాడు అంటాడు. ఇంకో మాట లేదు."

లాడాలక్క చేతులు మసిగాడి మెడ మీద బిగుసుకున్నాయి. తమ్ముడి ఆచూకీ కోసం తను పేపర్లో ఇచ్చిన ప్రకటనలో గుర్రం బొమ్మ వేశారు. నంబరు వేశారు. మసిగాడు అన్న పేరు వెయ్యలేదు.

"మా ఆయన" అంది మరదలు. "మా ఆయనే. అమ్మా, మీకు... మీకు వెయ్యి దండాలు..."

"ఏడవకు తల్లీ, ఏడవకు. మీ మనిషి మా దగ్గర క్షేమంగా ఉన్నాడు. ఎన్నాళ్ళైందో పాపం తిండి తిని. పెద్ద పళ్ళెం నిండా వడ్డించాను. పైన మిఠాయి కూడా పెట్టాను. కూర్చుని కలుపుకుంటున్నాడు. కడుపారా తిననీ, తర్వాత మాట్లాడిస్తాను."

డాక్టరు బకెట్టు మీంచి లేచిన వేగానికి బకెట్టు దొర్లిపోయింది. ఆయన నోరు తెరిచేలోపే మరదలు గొంతు లాయం కప్పుకి తగిలింది.

"అమ్మా! పళ్ళెం తీసెయ్యండి! ఒక్క ముద్ద కూడా వద్దు!"

"అదేం మాటమ్మా? పెళ్ళానివేనా నువ్వు?"

"మీ కాళ్ళకి దణ్ణం పెడతాను. మీరు చేసిన మేలు ఈ జన్మలో మర్చిపోను. ఆ పళ్ళెం లాక్కోండి!"

అవతల ఏదో పెనుగులాట. గిన్నె ఒకటి కిందపడింది. పెద్దావిడ మళ్ళీ ఫోన్లోకి వచ్చింది, రొప్పుతూ. "ఇవ్వడమ్మా! రెండు చేతుల్తో చుట్టేసుకున్నాడు. దగ్గరికెళ్తే మీద పడేట్టున్నాడు. నేనేం చెయ్యను?"

మరదలు కళ్ళు తుడుచుకుంది. ఫోన్ నోటికి దగ్గరగా పట్టుకుంది.

"ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టండి" అంది.

నలభై ఒక్క రోజులు ఆమె ఈ నిమిషం కోసం మాటలు కూడబెట్టుకుంది. ఎక్కడికెళ్ళావని అడగాలి. ఎలా ఉన్నావని అడగాలి. అవతల ఊపిరి వినబడింది, బరువుగా, నోటినిండా ఏదో ఉన్న ఊపిరి. ఆ ఊపిరిని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆకలితో చచ్చిపోతున్న భర్తతో భార్య మొట్టమొదట అనాల్సిన మాట ఒక్కటే మిగిలింది.

"ఉమ్మెయ్యి."